తరవాతి సీనులో ఇద్దరే

అక్షరదోషాలుంటే మన్నించండి. అరవై ఆరో ఏట పలక పట్టాను. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది. నా నిదానానికి సిగ్గుపడే నేనీ తప్పు చేశాను.

మా అపార్ట్‌మెంటులోనే ఉండే ప్రవల్లిక పాత సినిమాలు బాగుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఎవరింటి అటకమీదో దొరికిన మూకీ రీలు వాళ్ళ చేతికొచ్చింది. పిల్లలు నటించిన ఎనిమిది నిమిషాల హాస్యం. పేర్లలో మాస్టర్ బసవపున్నయ్య అని ఉందట. ఆయన మా మామగారు. చిన్నప్పుడు మద్రాసులో ఒక బొమ్మలో వేశానని ఒక్కసారే చెప్పారు.

"ఆంటీ, వారసుల్లో మీరొక్కరే మిగిలారు. సంతకం పెడితే ఫెస్టివల్‌లో వేస్తాం" అంటూ ప్రవల్లిక కాగితాలు తెచ్చింది.

తెలుగులోనే ఉన్నాయి. రెండు పేజీలు. కింద ఆమె ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతోంది.

"చదువుతారా? అచ్ఛా, ఆగుతాను" అంది, ఫోన్‌లో టైము చూసుకుంటూ.

నేనింకా రెండో లైనులోనే ఉన్నాను. ఇక చదవకుండా, వేలిముద్ర రోజులు పోయాయని చూపించుకోవడానికి, ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాసిచ్చాను.

ఆదివారం ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించింది. ముగ్గురు పిల్లలు ఒకరి భుజాలమీద ఒకరెక్కి ఉట్టిమీది లడ్లు దొంగిలిస్తున్నారు. పైవాడు మామగారే. ఆ చేటచెవులు మా ఆయనకీ ఉండేవి. ఉట్టి తెగి పడ్డాడు. ఎడమకాలు ఒంటి కింద మడతపడింది. లేవలేక, కెమెరా పక్కనున్న ఎవరివైపో చూశాడు. వాళ్ళేం చెప్పారో, నవ్వాడు. తరవాతి సీనులో ఇద్దరే ఉన్నారు.

పన్నెండేళ్ళు ఆ కుంటికాలికి నేను నూనె రాశాను. బండి తొక్కిందని చెప్పేవారు.

"ఆ ముక్క తీసెయ్యమ్మా. ఆయన్ని చూసి నలుగురూ నవ్వకూడదు."

"అందరూ పడీపడీ నవ్వేది దానికే ఆంటీ. మార్పులేవీ అడగనని రాసుంది, సంతకం పెట్టారు కదా."

"నేను చదవలేదే."

"నేను ఆగానుగా" అంది నెమ్మదిగా. నిజమే, ఆగింది.

శనివారం హాలు నిండింది. ఆయన పడేచోట డోలు దెబ్బ పెట్టారు. నా వెనక ఒక పాప "మమ్మీ, ఫిర్ సే దిఖావో!" అని, మళ్ళీ చూపించమంటూ చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మకి నవ్వాగలేదు. తరవాతి సీనులో పిల్లలెందరున్నారో ఎవరూ చూసుకోలేదు.

ఇంకా కొన్ని ఊళ్ళలో వేస్తారట. మీ ఊరొస్తే, కాస్త లెక్కపెట్టండి.

కొండవీటి లీలావతి,
డెబ్బై ఒక్క ఏళ్ళు,
నోయిడా.