కూర చేపలు

నరసయ్య సుబ్బు పడవ మీద వేటకు వెళ్లడం మొదలుపెట్టాక వాళ్లింట్లో చేపల కూర వండటం మానేశారు. జువ్వలదిన్నెలో, సముద్రం హోరు వంటింట్లోకి వినపడే ఇంట్లో, పొద్దున పప్పు, రాత్రి పచ్చిపులుసు! బయట చెబితే నవ్వుతారని నరసయ్య భార్య పిచ్చమ్మ ఎవరికీ చెప్పలేదు. లోలోపల మాత్రం సుబ్బును తిట్టని రోజు లేదు.

తిట్టడానికి కారణం ఉంది. ఆ ఊళ్లో ఏ పడవ ఒడ్డుకు వచ్చినా, చేపలు అమ్మకానికి వెళ్లకముందే ఎక్కినవాళ్లందరికీ ఇంటి కూరకని కాసిని పంచుతారు. అవి వాటాలోకి రావు, ఏ లెక్కలోకీ రావు. నరసయ్యకు సొంత పడవ ఉన్నప్పుడు సుబ్బు దాని మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ఒక్కనాడూ కూర చేపలు లేకుండా ఇంటికి పోలేదు. పిచ్చమ్మే వెనక్కి పిలిచి ఇంకో రెండు వేసిన రోజులున్నాయి. అలాంటివాడు ఇవాళ సొంత పడవ కొనుక్కుని, పాత యజమానికి పిడికెడు చేపలు ఎగ్గొడతాడా? ఆ మంటతో ఆమె సుబ్బు భార్య స్వర్ణ ఎదురుపడితే మొహం పక్కకు తిప్పుకుని పోయేది.

నరసయ్య పడవ పోయింది అప్పు వల్లనో, గాలి వల్లనో చెప్పడం కష్టం. చేపల వ్యాపారి పద్మనాభయ్య దగ్గర అడ్వాన్సు తీసుకుని పడవకు కొత్త ఇంజను పెట్టించాడు. అడ్వాన్సు ఇచ్చినవాడికే చేపలన్నీ వేయాలి, అతను చెప్పిన ధరకే వేయాలి. ఎంత పట్టినా బాకీ తరగలేదు. వాయుగుండం వస్తోందని అందరూ పడవలు ఇసుక మీదికి లాగేసుకున్న రోజున, ఈ ఒక్క వేటా చేసుకొస్తానని నరసయ్య బయల్దేరాడు. ప్రాణాలతో తిరిగొచ్చాడు గానీ పడవ రెండు ముక్కలైంది. ఇంజను, వలలు పద్మనాభయ్య బాకీ కింద తీసుకుపోయాడు. పిచ్చమ్మ గొలుసు, కమ్మలు బ్యాంకులో తాకట్టుకు పోయాయి.

ఇప్పుడు అదే పద్మనాభయ్య కొత్త పడవ కొనిపెడతానంటున్నాడు. షరతులన్నీ పాతవే, ఒక్కటి తప్ప. ఈసారి ఇంటి పట్టా అతని దగ్గర ఉంచాలి.

"యజమానిగా బతికినోణ్ణి. ఎన్నాళ్లని ఇంకొకడి పడవ మీద వల లాగేది?" అన్నాడు నరసయ్య.

పిచ్చమ్మకు భయం లేకపోలేదు. ఆ ఇల్లు కూడా పోతే తలదాచుకోవడానికి చోటు లేదు. కానీ కూర చేపలు కూడా పెట్టనివాడి కింద మొగుడు పడి ఉండటం కన్నా అదే నయమనుకుంది. తనే పెట్టె తెరిచి పట్టా తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజే వేట దిగి పడవలు ఒడ్డుకొచ్చాక పద్మనాభయ్య వస్తానన్నాడు.

ఆ పొద్దునే కుళాయి దగ్గర స్వర్ణ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కా, ఒక మాట అడగతా, కోపగించుకోవద్దు. కూర చేపలు మావి నచ్చలేదా మీకు? ముందు అన్నకే తీసిపెడతాడు మా ఆయన, మంచివన్నీ ఏరి. అన్న వాటిని ఐసు గదికాడ పనోళ్లకిచ్చేసి, ఉత్త చేతుల్తో ఇంటికి పోతాడంట. మా ఆయనకి శానా మనసు కష్టంగా ఉండాది."

బిందె నిండి పొర్లుతున్నా పిచ్చమ్మ కుళాయి కట్టలేదు. ఇన్ని నెలలుగా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత మొగుడి మీద ఒళ్లు మండింది. ఇంటికొచ్చి బిందె దించేసరికి సంగతి అర్థమైంది. యజమాని సంచి పట్టుకుని నడవడు. ఆ రోజుల్లో ఇంటి కూరకు చేపలు గంపలో వచ్చేవి, నరసయ్య ముందు నడిస్తే సుబ్బు మోసుకుంటూ వెనక వచ్చేవాడు. ఇప్పుడు అదే వీధిలో, అందరి ముందూ, కూర సంచి వేలాడేసుకుని రావడానికి ఆయనకు మొహం చెల్లలేదు. తనకు మాత్రం చెల్లిందా? పడవ పోయిన్నాటి నుంచి తనూ ఒడ్డుకు వెళ్లలేదు. పనివాళ్ల పెళ్లాల మధ్య గిన్నె పట్టుకుని నిలబడాల్సి వస్తుందని.

స్టీలు బేసిను తీసుకుని బయల్దేరింది.

ఒడ్డున ఆడవాళ్లు ఆమెను చూసి జరిగి చోటిచ్చారు. సుబ్బు పడవ వచ్చింది. నరసయ్య భార్యను చూసి తల దించుకుని, దులిపిన వలనే మళ్లీ దులుపుతూ నిలబడ్డాడు. చేపలు పంచుతూ వచ్చి సుబ్బు ఆమె ముందు తడబడ్డాడు.

"నువ్వెందుకొచ్చినావు వదినా? చెప్తే నేనే పంపిద్దును గదా."

"పంపిస్తానే ఉండావు గదబ్బయ్యా, నాకే తెలవలా. నిన్ను శానా తిట్టినాను సుబ్బూ."

"తిట్టుంటావులే," అని నవ్వి బేసిను నిండా కానగంత చేపలు పోశాడు. పిచ్చమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇంటికి ఆమె ముందు నడిచింది. నరసయ్య వెనక.

"నలుగురూ చూస్తుండారు మే," అన్నాడు మెల్లగా.

"చూడనీ. పడవ పగిలినప్పుడు చూసినారు, ఇంజను ఎత్తకపోయేటప్పుడు చూసినారు. చేపలు చూస్తే ఏమైద్ది? ఇన్నాళ్లూ వండుకోంగా మిగిలింది ఉప్పేసి ఎండబెట్టుంటే, కావలికి పోయి అమ్ముకొనుందును. గొలుసు మీద వడ్డీ అన్నా కట్టుందును."

పిచ్చమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"పడవ కోసరం ఇల్లు తాకట్టు పెడతుండావనుకున్నా. కాదు. సంచి మొయ్యలేక పెడతుండావు."

పద్మనాభయ్య అప్పటికే వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. బేసిను చూసి నొచ్చుకున్నాడు. "నువ్వు మోసుకురావడమేందమ్మా ఖర్మ! కొత్త పడవ రానీ, చేపలు గంపల్తో ఇంటికొస్తాయి."

నరసయ్య గుమ్మం దగ్గర కాసేపు నిలబడిపోయాడు. పట్టా బల్ల మీద కనిపిస్తూనే ఉంది. పిచ్చమ్మ దాన్ని తీయలేదు. నరసయ్య వచ్చి ఆమె చేతిలోంచి బేసిను అందుకుని కింద పెట్టాడు. పెద్దవి చూసి నాలుగు కానగంతలు ఏరాడు. తలుపు మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ సంచిలో వేసి వ్యాపారికి అందించాడు.

"కూరకు తీసకపోండయ్యా. ఇవి లెక్కలోకి రావు."

"చేపలకేముందిలే, పట్టా ఇయ్యి."

"ఇల్లు ఉండనీయండి. చేపలు ఎండబెట్టుకునేదానికి ఆమెకు మిద్దె కావాల."

పద్మనాభయ్య ఎంత చెప్పినా ఆ మాట మారలేదు. చివరికి విసుక్కుంటూ లేచాడు. చేపలు మాత్రం వదల్లేదు. సంచి బండి హ్యాండిలుకు తగిలించుకుని, వీధి మధ్యలోంచి దర్జాగా పోయాడు. ఆ సంచి వంక ఎవరూ రెండోసారి చూడలేదు. నరసయ్య ఒక్కడే అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు ఇంట్లో చేపల పులుసు వండారు. మిగిలినవి పిచ్చమ్మ చీల్చి, ఉప్పు పట్టించి మిద్దె మీద ఆరేసింది.

మర్నాడు వేట దిగాక నరసయ్య సంచి పట్టుకుని వీధిలోకి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది, చూపు నేల మీదే ఉంది. సగం దూరం వచ్చాక అరుగు మీది ముసలాయన పలకరించాడు. "ఏం పడినాయిరా నరసయ్యా?"

నరసయ్య ఆగాడు. అరుగు దగ్గరికి వెళ్లి సంచి విప్పి చూపించాడు.