కాక్‌పిట్ కిటికీలో నవ్విన మనిషి

మార్లెన్ భూమి చుట్టూ తిరిగి బిష్కెక్‌లో దిగిన రోజున, అతన్ని ఇంటికి తీసుకువెళ్ళడానికి వచ్చిన జానిష్ అడిగిన మొదటి మాట, "ఏరా, గుండ్రంగానే ఉందా?" అని.

"ఏది?"

"ఇంకేది, భూమి!"

మార్లెన్ నవ్వలేదు. కెమెరా సంచిని డిక్కీలో పెట్టనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. జానిష్‌కు అది వింతగా తోచింది. చిన్నప్పటి నుంచీ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు వాళ్ళవి. విమానాల మీద ఒక్క ప్రశ్న వేస్తే చాలు, వినేవాడు ఆవులించినా ఆపని మనిషి మార్లెన్. అలాంటివాడు దారి పొడుగునా కిటికీలోంచి పాప్లార్ చెట్లు చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "ఇవాళ ఏ వారం?" అని అడిగాడు.

"గురువారం."

"నాకు ఆదివారం ఏమైందో తెలియలేదు," అన్నాడు మార్లెన్, ఎవరో దాన్ని ఎత్తుకుపోయినట్టు.

మార్లెన్ పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలోకి, సెలవు రోజున ఆకాశంలోకి చూస్తాడని వీధిలో వేళాకోళం. ఎండైనా మంచైనా మనాస్ విమానాశ్రయం కంచె పక్కన ఫ్లాస్కులో టీ పెట్టుకుని నిలబడతాడు. వచ్చే విమానం చప్పుడు విని, తల ఎత్తకుండానే దాని జాతి చెబుతాడు. యాభయ్యో ఏడు నిండగానే, బతికుండగా ఒక్కసారి పడమటికి బయలుదేరి తూర్పు నుంచి ఇల్లు చేరాలని పట్టుబట్టాడు. షార్జా, నైరోబీ, జోహన్నెస్‌బర్గ్, సావ్ పౌలో, మెక్సికో, టోక్యో, సియోల్. ప్రతిచోటా దిగడం, విమానాశ్రయం పక్కనే గది తీసుకోవడం, కంచె దగ్గరో మేడ మీదో నిలబడి ఫోటోలు తీయడం, మళ్ళీ ఎక్కడం. అంతే అతని యాత్ర.

"ప్రపంచమంతా తిరుగుతూ ఒక్క ఊళ్ళోనూ అడుగు పెట్టని మొనగాణ్ణి నిన్నే చూశాను," అంది బయలుదేరే ముందు అతని భార్య సైకాల్. అంటూనే రొట్టె ముక్క అతని చేత కొరికించి, మిగిలింది తిరిగి వచ్చాక తినడానికి దాచిపెట్టింది.

సైకాల్ మొదట అతనికి భార్య కాదు, వదిన. మార్లెన్ అన్న ఎసెన్ విమానం నడిపేవాడు. మొదట పొలాల మీద మందు చల్లే చిన్న విమానం. రష్యాతో కలిసి ఉన్న పెద్ద దేశం విడిపోయి ఆ పని కాస్తా పోయాక, చాలామంది పైలట్లలాగే ఆఫ్రికాకు వెళ్ళి సరుకుల విమానాలు నడిపాడు. పెళ్ళయిన రెండేళ్ళకే కాంగో అడవుల మీద అతని విమానం కనిపించకుండా పోయింది. కాలిన రెక్క ముక్క దొరికిందన్నారు. మనుషులెవరూ దొరకలేదు. ఇంట్లో ఉన్న అతని పాత టోపీని తెల్లగుడ్డలో చుట్టి సమాధి కట్టారు. ఏడాది తిరిగి, గుర్రాన్ని కోసి పెద్ద భోజనం పెట్టిన తరువాత, వంశంలోని పెద్దలు సైకాల్ చేతిని మార్లెన్ చేతిలో పెట్టారు. వద్దనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. తరువాత తరువాత వద్దనాలనీ అనిపించలేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు, పెరిగారు, చదువులకు వెళ్ళారు. ఇరవై ఏళ్ళ పైమాటే.

ఎసెన్ ఇలా ఉండేవాడని మార్లెన్ అనుకోవడమే మానేసి చాలా కాలమైంది. నైరోబీలో అనుకోవలసి వచ్చింది.

అక్కడ ఒక టీకొట్టు మేడ మీద నుంచి అతను పాత రష్యన్ సరుకుల విమానాన్ని ఫోటో తీశాడు. రెండు పంకాలది, పొట్ట మీద రంగు పెచ్చులూడినది. ఇలాంటివి ఇంకా ఎగురుతున్నాయంటే అతనికి పండగ. గదికి వచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసుకుంటున్నాడు. కాక్‌పిట్ పక్క కిటికీ తెరిచి ఉంది. అందులోంచి ఒక మనిషి మోచెయ్యి బయట పెట్టి, తల కాస్త ఎడమకు వాల్చి, ఎవరినో చూసి నవ్వుతున్నాడు. ఎడమ కోరపన్ను బంగారుది. పక్క పళ్ళకంటే కాస్త పొడుగు.

మార్లెన్ బొమ్మను ఇంకా పెద్దది చేశాడు. చదువుకునే రోజుల్లో అతను చేసిన మొట్టమొదటి పంటి తొడుగు అన్నదే. ఎడమ కోరపన్ను. పొడుగైపోయింది. సరిచేస్తాను రా అన్నయ్యా అంటే, "ఉండనీ, మాంసం పీక్కోడానికి బాగుంది," అని నవ్వి, ఆ పన్నుతోనే వెళ్ళిపోయాడు ఎసెన్.

తెల్లవారి పరుగెత్తుకు వెళితే విమానం లేదు. ఎక్కడికి వెళ్ళిందంటే దక్షిణం అన్నాడొకడు, సోమాలియా అన్నాడింకొకడు. పైలట్ పేరు అడిగితే, "కెప్టెన్ సాషా," అన్నారు. అక్కడ రష్యన్ మాట్లాడే ప్రతివాడూ కెప్టెన్ సాషాయే. మార్లెన్ ఎక్కాల్సిన విమానానికి పిలుపు వచ్చింది. ఆగాలో వెళ్ళాలో తెలియక నిలబడ్డాడు. కాళ్ళు అలవాటు కొద్దీ వెళ్ళి ఎక్కేశాయి.

ఆ తరువాత భూమి ఎటు తిరిగిందో అతనికి గుర్తులేదు. అన్న బతికున్నాడా? బతికుంటే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? తను సైకాల్‌ను చేసుకున్నాడని ఎవరో చెప్పబట్టే రాలేదా? వస్తే తను ఎవరు, సైకాల్ ఎవరు? మెక్సికోలో దిగినప్పుడు ఆ ఫోటోను చెరిపేద్దామని మీట మీద వేలు పెట్టాడు. చెరిపితే అన్నను రెండోసారి చంపినట్టవుతుందేమో అనిపించింది. చెరపకపోతే ఇల్లు కూలుతుందేమో అనిపించింది. పసిఫిక్ మీద ఒక రోజు లెక్కలోంచి జారిపోయింది. ఆ రోజులో తనేమైనా నిర్ణయించుకున్నాడేమో, అదీ దాంతోపాటే పోయిందేమో అనుకున్నాడు.

ఇంటికి చేరేసరికి చుట్టాలూ పొరుగువాళ్ళూ కూర్చుని ఉన్నారు. నేల మీద పరిచిన గుడ్డ నిండా నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెలు, జామ్, ఎండు పళ్ళు. మార్లెన్ తల్లి అందరికంటే పైన, టీవీకి దగ్గరగా కూర్చుంది. ఆమెకు చూపు బాగా తగ్గింది. టీ గిన్నె చేతికి అందాక జానిష్ కెమెరాను టీవీకి తగిలించాడు. మార్లెన్ "రేపు చూద్దాంలే," అంటున్నా ఎవరూ వినలేదు.

షార్జా విమానాలు వచ్చాయి. బాగున్నాయన్నారు. తరువాత ఆ ఫోటో వచ్చింది.

"అదిగో, మా ఎసెన్," అంది తల్లి, గిన్నె కింద పెట్టకుండానే. "చిక్కిపోయాడు."

జానిష్ గాభరాగా మీట నొక్కాడు. సావ్ పౌలోలో ఇంకో విమానం, ఇంకో కాక్‌పిట్ కిటికీ, లోపల నల్లటి మీసాల పైలట్.

"ఇక్కడా వాడే. మీసాలు పెంచాడు," అంది తల్లి.

ఎవరో ఊపిరి వదిలి నవ్వారు. వార్తల్లో యూనిఫారం వేసుకున్న ప్రతి మనిషినీ ఆమె ఎసెన్ అనే అంటుంది. కొన్నేళ్ళుగా అంతే. మార్లెన్‌కు మాత్రం ఇంకా అయోమయమైంది. ఆమె మాట సాక్ష్యమా, కాదా?

జానిష్ నొక్కుతూ పోయాడు. మెక్సికో, టోక్యో, సియోల్. రెక్కలు సగంలో తెగిపోయి, తోకలు లేకుండా, తెర నిండా కిటికీలే, వాటిలో పైలట్ల ముఖాలే.

"ఏంట్రా ఇది? విమానాల కోసం వెళ్ళి కిటికీలు పట్టుకొచ్చావు! ఇల్లు కడుతున్నావా?" అన్నాడు జానిష్.

అందరూ నవ్వారు. సైకాల్ నవ్వలేదు. "మంతీ కుడుములు ఉడికాయేమో చూసొస్తా," అని లేచి వెళ్ళింది. వెళ్ళిన మనిషి చాలాసేపు రాలేదు.

మర్నాడు పొద్దున ఆమె వంటింట్లో పిండి కలుపుతుంటే మార్లెన్ కంప్యూటర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రంతా నేర్చుకున్న మాటలన్నీ పోయి, నోట్లోంచి ఇంకొకటి వచ్చింది.

"వదినా, ఒకసారి ఇలా చూడు."

పిండిలో ఆమె చేతులు ఆగాయి. పెళ్ళయినప్పటి నుంచి అతను ఆ మాట అనలేదు.

"ఎవర్ని పిలిచావు?"

"నిన్నే."

"ఇద్దరు పిల్లల్ని కన్నాక వదిననయ్యానా? సరే, పెట్టు."

చేతులు తుడుచుకోకుండా వంగి చూసింది. చాలాసేపు చూసింది. పిండి అంటిన వేలు తెర మీది పన్ను దాకా వెళ్ళి ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది నీ దగ్గర?"

"నైరోబీ నుంచి."

"అంటే నా మొగుణ్ణి సంచిలో వేసుకుని సగం ప్రపంచం తిరిగావన్నమాట. ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?"

"ఏ మొగుణ్ణి?" అన్నాడు మార్లెన్. అనకూడని మాటని అన్నాకగాని తెలియలేదు.

"అదే నాకూ అర్థం కావట్లేదు," అంది సైకాల్, కోపం లేకుండా. పీట మీద కూర్చుంది. "ఆయన ఎడమకే తల వాల్చేవాడా? కుడికా? రాత్రి నుంచి ఆలోచిస్తున్నా. గుర్తు రావట్లేదు. రెండేళ్ళు కాపురం చేశాను కదా, గుర్తుండొద్దూ?"

"నాకు ఎడమకే అనిపిస్తుంది."

"ఫోటో చూశాక అనిపిస్తోందా, ముందు నుంచీనా?"

మార్లెన్ మళ్ళీ ఫోటో వైపే చూశాడు.

"అయితే కనుక్కో," అంది ఆమె. "విమానం నంబరుందిగా తోక మీద. దాని కోసమేగా ఇన్నేళ్ళూ కంచెలు పట్టుకు వేలాడావు!"

నైరోబీలో మార్లెన్ లాంటి పిచ్చివాడే ఒకడున్నాడు, నెట్‌లో పరిచయం. నంబరు పంపితే మధ్యాహ్నానికల్లా ఆ విమానం కెప్టెన్ ఫోన్ నంబరు సంపాదించి పంపాడు. మార్లెన్ వీడియో లేకుండా కలిపాడు. సైకాల్ పక్కనే, తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఎవరు తమ్ముడూ?" అంది అవతలి గొంతు.

ఇంచుమించు తమ భాషే. ఎసెన్ గొంతు ఎలా ఉండేదో మార్లెన్ గుర్తు తెచ్చుకోబోయాడు. ఏమీ రాలేదు. సైకాల్‌ను చూశాడు. ఆమె కూడా తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"అన్నయ్యా, మీరు... మీ పేరు?"

"నిగ్మతుల్లా. మాది కోకంద్. నీకెవరు కావాలి?"

ఉజ్బెక్ మనిషి. మార్లెన్ తడబడుతూ ఫోటో సంగతి చెప్పాడు. పంపమన్నాడు నిగ్మతుల్లా. పంపాడు. కాసేపటికి అవతల నుంచి పెద్ద నవ్వు.

"ఇది నేను కాదయ్యా! నేను సంతకాలకి వెళ్ళినప్పుడు మా మెకానిక్ నా సీట్లో దర్జాగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి దొరికాడు దొంగ! ఇక్కడే ఉన్నాడు, ఉండు."

ఫోన్‌లో బొమ్మ వెలిగింది. వెడల్పాటి ముఖం, చెమట, నూనె మరకల చొక్కా. ఫోటోలోని మనిషే. తల ఎడమకు వాల్చాడు కూడా. "హలో, నేను హ్రాచిక్. గ్యూమ్రీ వాణ్ణి," అన్నాడు రష్యన్‌లో. ఆర్మేనియన్ యాస తిరగలిలో రాళ్ళలా వినిపించింది.

సైకాల్ మార్లెన్ భుజం పట్టుకుంది. "పన్ను చూడు," అంది గుసగుసగా. "యాసదేముంది, ఇరవై ఏళ్ళలో ఎలాగైనా మారుతుంది. పన్ను చూడు."

"హ్రాచిక్ గారూ, ఏమీ అనుకోవద్దు. నేను పళ్ళ డాక్టర్ని. ఒకసారి నోరు తెరుస్తారా?"

"ఎందుకు?"

"దయచేసి తెరవండి. ఇంకా పెద్దగా. వెలుగు వైపు తిరగండి. నాలుక కిందికి."

నైరోబీలో ఒక మెకానిక్ ఎండ వైపు తిరిగి, బిష్కెక్‌లోని వంటింటికి నోరంతా తెరిచి చూపించాడు. బంగారు తొడుగు ఎడమ కోరపన్నుకే ఉంది. కానీ పొడుగు లేదు, ఎక్కువా తక్కువా లేదు. చిగురు అంచున వెంట్రుక దూరే సందు లేదు. చేయి తిరిగిన పనివాడు చేసిన తొడుగు. ఫోటోలో నీడ దాన్ని పొడుగు చేసింది.

"కాదు," అన్నాడు మార్లెన్. "ఇది నేను చేసింది కాదు. చాలా బాగా చేశారు."

"గ్యూమ్రీలో మా బావ చేశాడు," అన్నాడు హ్రాచిక్ గర్వంగా. "ఇంతకీ మీరెవర్ని వెతుకుతున్నారు?"

సైకాల్ ఫోన్ తీసుకుంది. "ఎసెన్ అని, కాంగోలో నడిపేవాడు. విన్నారా?"

"లేదమ్మా. అప్పట్లో చాలామంది వచ్చారు. చాలామంది పోయారు."

"మీరు ఇంటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

అటువైపు నవ్వు ఆగింది. "ఎన్నాళ్ళో అయిందిలెండి. వెళ్ళాలి. ఇదిగో అదిగో అంటూనే..."

"వెళ్ళండి," అంది సైకాల్. ఆజ్ఞాపించినట్టే అంది. "బతికున్న మనిషికి ఇదిగో అదిగో ఏమిటి? వెళ్ళి కనిపించండి. ఇక్కడ మనుషులు ఒక్కొక్క పన్ను పట్టుకుని వెతుక్కుంటారు."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఇంతదూరం మోసిన బరువు దిగింది కదా, తేలిగ్గా ఉండాలి కదా అనుకున్నాడు మార్లెన్. ఉన్నట్టుండి ఏడుపు వచ్చింది. యాభై ఏళ్ళ మగవాడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. సైకాల్ అతన్ని ఆపలేదు.

"ఎందుకేడుస్తున్నావు?" అంది కాసేపటికి. "ఆయన కాదనా? ఆయన అయ్యుంటాడనుకున్నందుకా?"

"తెలీదు, సైకాల్."

"నాకూ తెలీదు. పొద్దున ఈ పిండి కలుపుతూ ఆయనే కావాలనుకున్నా. నువ్వు వదినా అన్నావు చూడు, అప్పుడు ఆయన కాకూడదు దేవుడా అనుకున్నా. ఒకటే పిండి, ఒకటే చెయ్యి. ఏం మనిషిని నేను?" అంది. కళ్ళు తుడుచుకోబోయి ముఖమంతా పిండి చేసుకుంది.

మార్లెన్ తన రుమాలు తీసి తుడిచాడు. తుడుస్తున్న చెయ్యి మరిదిదో మొగుడిదో ఆ క్షణాన అతనికే తెలియలేదు. ఆమె మాత్రం ముఖం వెనక్కి తీసుకోలేదు.

పక్కగదిలోంచి తల్లి పిలిచింది. "ఎవర్రా ఫోన్‌లో? ఎసెనేనా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కాదత్తయ్యా," అంది సైకాల్. "హ్రాచిక్ అని, విమానాల మెకానిక్."

"ఆహా. అన్నం తిన్నాడటా?"

"తిన్నాడట."

"సరే అయితే," అంది ముసలామె. "నాక్కాస్త టీ పొయ్యండి."

సైకాల్ లేచి చేతులు కడుక్కుంది. మార్లెన్ కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.