మూడుసార్లు మెల్లగ

కాలేజీలో అందరూ ఆమెను టెంపరరీ మేడమ్ అంటారు. ఆరేళ్లుగా అదే పేరు. ఉద్యోగం ఖాయం చేయడమో, ఇంటికి పంపడమో ఈ ఇంటర్వ్యూలో తేలిపోతుంది.

గది బయట బెంచీ మీద ఉండగానే అటెండర్ చెవిలో వేశాడు. లోపల విశ్లేషించమని ఇస్తున్నది వాన గేయమట. రాసింది ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో మధ్య కుర్చీలో కూర్చున్న పెద్దాయనేనట. ముందు వెళ్లిన నలుగురి జవాబులూ తలుపు సందులోంచి వినిపించాయి. 'మెల్లగ' అన్న మాట మళ్లీ మళ్లీ రావడం వాన నడక అన్నారు నలుగురూ. నాలుగోవాడికి గొంతు కూడా పూడుకుపోయింది. కాకా పట్టడానికైనా కాస్త సొంత బుర్ర వాడొచ్చు కదా అనుకుంది ఆమె.

ఆమె వంతు వచ్చింది. కాగితం చేతికిచ్చారు.

మల్లెలు విరిసెను మెల్లగ మెల్లగ
నల్లని మబ్బులు మెల్లగ మెల్లగ
జల్లులు కురిసెను మెల్లగ మెల్లగ

పాదానికి నాలుగు గణాలు, గణానికి నాలుగు మాత్రలు, రెండో అక్షరం 'ల్ల'. లెక్కా ప్రాసా ఎక్కడా తప్పలేదని చెప్పింది. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, ఆ పునరుక్తి సంగతి కూడా చెప్పమన్నాడు.

వాన నడక అంటే పని అయిపోయేది. నాలుక ఊరుకోలేదు.

"సగం పాదానికే సరుకు అయిపోయింది సర్. మిగతా సగం 'మెల్లగ మెల్లగ' అని పూడ్చారు. మెల్లగా కురిసేది తుంపర. దానికి ప్రాస కుదరదని జల్లును తెచ్చారు. తెచ్చి, మెల్లగా కురవమన్నారు. ఆ చోట 'చల్లగ చల్లగ' అని పెట్టండి, ఎవరికీ తేడా తెలీదు."

పక్క కుర్చీలోని ప్రిన్సిపాల్ నీళ్ల గ్లాసు నోటి దగ్గరే ఆపాడు. పెద్దాయన వేళ్ల మీద మాత్రలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. కలం తీసి తన దగ్గరున్న ప్రతిలో మూడు పాదాల్లోనూ 'మెల్లగ' కొట్టేసి 'చల్లగ' అని రాశాడు.

"ఇదే బాగుందమ్మా. జల్లు చల్లగానే కదా ఉండేది. ఇరవై ఏళ్లుగా ఒక్కడూ చెప్పలేదు నాకు."

మరి మూడు పాదాల్లోనూ ఎందుకని ప్రిన్సిపాల్ అడిగాడు. చలి ఎముకల్లోకి దిగాలంటే ఆ మాత్రం చెప్పాలన్నాడు పెద్దాయన. ప్రిన్సిపాల్ తలూపి రాసుకున్నాడు.

"అంతేనా అమ్మా?"

ఎగతాళికి అన్నానని చెప్పడానికి నోరు తెరిచింది. ముగ్గురి ముందూ ఉన్న మార్కుల కాగితాలు కనిపించాయి.

"అంతే సర్," అంది. "చలి."