‘సిపాయి చెలిమి’ మొదటి సంచిక

మదనపల్లెలో పట్టునూలు అమ్మే ఆదెప్పకు పేరులోనే దెప్పు ఉంది. ఎవరినో ఒకరిని దెప్పకపోతే అతనికి పూట గడవదు. ఎక్కువగా దెప్పేది పుంగనూరు లక్ష్మీపతిని. ఆ పేరు మీద కూడా ఆదెప్పకు కడుపుమంటే. తన భార్య పేరు శ్రీలక్ష్మి. న్యాయంగా చూస్తే లక్ష్మీపతి తాను. ఆ పేరు మోస్తూ తిరిగేవాడి భార్యేమో మునీశ్వరి!

ఇద్దరి పిచ్చీ ఒకటే. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలోనూ ఈజిప్టులోనూ ఉన్న తెలుగు సిపాయిల కోసం అచ్చువేసిన ‘సిపాయి చెలిమి’ అనే పత్రికను పోగుచేయడం. అందులో పోరు తక్కువ, హుషారు ఎక్కువ. చిరిగిన మేజోడు కుట్టుకోవడం ఎట్లా, ఒంటెతో గొడవ పడకుండా ఉండడం ఎట్లా, మధ్యమధ్య సుబేదారు మీద జోకులు. ఆ యుద్ధం ఎప్పుడో ముగిసింది. ఆ పత్రిక కోసం వీళ్ళ యుద్ధం మాత్రం సాగుతూనే ఉంది.

పిచ్చి ముందు పట్టింది ఆదెప్పకే. నూలు కొనడానికి అంగడికి వచ్చిన లక్ష్మీపతికి గొప్ప కోసం నాలుగు సంచికలు చూపించాడు. చూపించిన పాపానికి అతనికీ అంటుకుంది. ఇప్పుడు ఇద్దరి దగ్గరా అన్ని సంచికలూ ఉన్నాయి, మొదటిది తప్ప. మొదటి సంచిక ఎవరి సంచిలో పడితే వాడే మొదటివాడు. రెండోవాడు ఎప్పటికీ రెండోవాడే.

అట్లాంటి రోజుల్లో కుప్పం నుంచి పాత పేపర్లు కొనే ప్రవీణ్ ఫోన్ చేశాడు.

“అన్నా, మా పక్క పల్లెలో నంజమ్మని ఉండాది. వాళ్ళ మామ మిలిటరీలో చేసినాడు. ఆయప్ప పెట్టెలో నీ సిపాయిది మొదటి నంబరు ఉండాదంట. వచ్చి తీసుకొని పొమ్మంటాంది. లక్ష్మీపతన్నకు కూడా చెప్పినా.”

“ఆయప్పకు యాల చెప్పినావురా?”

“ఇద్దురూ నాకు అన్నలే గదన్నా.”

ఆదెప్ప ఫోన్ పెట్టేసి బీరువా తీశాడు. పై అరల్లో పత్రికలు, కింది అరలో అతని చొక్కాలు, పంచెలు. సంచికకూ సంచికకూ మధ్య కలరా ఉండలు. బీరువా తలుపు తెరిస్తే వీధిలో పోయేవాళ్ళు తుమ్మేవాళ్ళు. ఆదెప్ప ముక్కు మాత్రం ఆ వాసనను ఎప్పుడో మరిచిపోయింది. మంచి చొక్కా ఏరి తొడుక్కున్నాడు.

“ఆ కంపుతో పోతే బస్సులో నీ పక్కన ఎవురూ కూర్చోరు సూడు” అంది శ్రీలక్ష్మి.

“మంచిదే. కాళ్ళు చాపుకుంటా.”

నిజంగానే ఎవరూ కూర్చోలేదు. పుంగనూరులో బస్సు ఆగగానే ఆదెప్ప తల మీద తువ్వాలు కప్పుకుని సీటులో జారిపోయాడు. తువ్వాలు సందులోంచి బస్టాండంతా వెతికాడు. లక్ష్మీపతి లేడు. బస్సు కదిలింది. వాడింకా నిద్రే లేచుండడని, లేచినా మునీశ్వరి టిఫిను పెట్టుండదని, కుప్పం దాకా తియ్యగా ఊహించుకుంటూ పోయాడు.

నంజమ్మ మల్బరీ ఆకు మోపుతో పట్టుపురుగుల షెడ్డు ముందు నిలబడి ఉంది. సంగతంతా చెప్పకముందే తల ఊపింది.

“పెట్టె ఈ షెడ్డు లోపల అటక మీద ఉండాది నాయనా. నా మోకాళ్ళకు అంత ఎత్తు ఎక్కేదానికి కాదు. నువ్వే ఎక్కి…” అని ఆగి, ముక్కు ఎగబీల్చింది. “ఆడనే నిలు! ఏం కంపు ఇది?”

“కంపేముందమ్మా?”

“కలరా ఉండలు! పురుగులు రేపో మాపో గూడు కట్టబోతాండాయి. ఈ వాసన తగిలితే ఆకు ముట్టవు. పంటంతా పోతాది.”

“నేనూ పట్టు వ్యాపారమే చేస్తాండానమ్మా. నాకు తెలీదా?”

“తెలిసినోడివైతే ఇట్ల వస్తావా అప్పా?”

ఆదెప్పకు తెలిసింది పట్టునూలు. పట్టుపురుగు మొహం ఈనాటి దాకా చూసిన పాపాన పోలేదు. పట్టు మీద బతికే మనిషికి పురుగు దగ్గర పట్టు లేదు.

బోరు కింద కూర్చుని స్నానం చేశాడు. చొక్కా తీగ మీద ఆరేసి, తడి పంచెతో వచ్చి నిలబడ్డాడు. నంజమ్మ దగ్గరికి కూడా రాలేదు. “పంచె గూడా ఆ ఉండల్లో పెట్టిందేనా?” అంది.

అంతలో మోటారు సైకిలు చప్పుడు. లక్ష్మీపతి.

“అరె, ఆదెప్పన్నా! ఈడ నీళ్ళు పోసుకుంటాండావే, మదనపల్లెలో నీళ్ళు రాలేదా?”

ఆదెప్ప పళ్ళు కొరికాడు. లక్ష్మీపతి పత్రికలను ఎండలో ఆరబెట్టి పాత పంచెల్లో చుట్టి పెడతాడు. దానికి ఆదెప్ప ఎన్నిసార్లు దెప్పాడో! “నువ్వు దాచేది పత్రికలా, పసిబిడ్డలా” అని. నంజమ్మ లక్ష్మీపతిని పైనుంచి కిందికి వాసన చూసి, కాళ్ళు కడుక్కోమని చెప్పి, లోపలికి పంపింది.

ఆదెప్ప బయట నిలబడ్డాడు. లోపల వేల పురుగులు ఆకు నములుతున్న చప్పుడు చిన్న వానలా వినిపిస్తోంది. తన కడుపులో ఒక్కటే పురుగు. అది ఆకు కూడా అడగడం లేదు, తననే తింటోంది.

లక్ష్మీపతి బయటికి వచ్చాడు. చేతిలో మొదటి సంచిక. అట్ట మీద యుద్ధ ట్యాంకు ఎక్కి టీ తాగుతున్న సిపాయి. ఎక్కడా చిరుగు లేదు, మరక లేదు.

“అన్నా, నువ్వే పెట్టుకో” అన్నాడు లక్ష్మీపతి. “ఈ పిచ్చి నాకు తగిలించినోడివి నువ్వు. ముందు నీ దగ్గర ఉండాల.”

ఆదెప్ప ఆ మొహంలో ఎగతాళి కోసం వెతికాడు. కాస్తయినా దొరికితే హాయిగా తిట్టుకునేవాడు. దొరకలేదు. తీసుకుంటే ఇది బతికినన్నాళ్ళూ లక్ష్మీపతి ఇచ్చిన సంచిక. చూడవచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పుకోవాలి.

“నాకొద్దులే. అట్ట రంగు వెలిసింది” అన్నాడు.

“యాడ వెలిసిందన్నా?”

“నీకు కనపడదులే.”

“వద్దనేవాడికి చేతులు యాల వణుకుతాండాయప్పా?” అంది నంజమ్మ.

“తడి పంచె గదమ్మా. చలి.”

మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు దొరక్క లక్ష్మీపతి బండి ఎక్కక తప్పలేదు. సంచిక ఉన్న గుడ్డసంచి ఇద్దరి మధ్యా పెట్టారు.

“గట్టిగా పట్టుకోనుండావా అన్నా? గాలికి పోతాది.”

“పట్టుకోనుండాలే, నువ్వు పోనీ.”

పలమనేరు దాటింది. గుడ్డలోంచి అట్ట అంచు పొట్టకు తగులుతోంది. పుంగనూరులో దీన్ని తిరిగి ఇచ్చేయాలి. ఆదెప్ప రెండు చేతులూ సంచి చుట్టూ వేసి, ఆ కాస్త దూరమైనా అది తనదే అన్నట్టు కరుచుకుని కూర్చున్నాడు.

“కొంచెం నిదానంగా పోప్పా” అన్నాడు.