గడప కింది గడప

గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు గుమ్మం ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆయన ఎత్తు ఆరడుగులు. నలభై ఏళ్లుగా వంగే వెళ్తున్నాడు, వంగే వస్తున్నాడు.

పాత బజారులో రోడ్డు వెడల్పు చేయబోతున్నారు. వందేళ్లు నిండిన కట్టడాలను మాత్రం వదిలేస్తారు. ఆ కొట్టున్న మేడ పిట్టగోడ మీద సున్నంతో పోసిన సంవత్సరం 1931. ఆరేళ్లు తక్కువ. మునిసిపాలిటీ నుంచి సర్వేకి వచ్చిన ఇంజనీరమ్మ ఆ అంకె రాసుకుని, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంత పొట్టి గుమ్మం ఎవరు పెట్టారండీ?"

"మా ముత్తాత. మనిషి పొట్టి, మాట పొడుగు," అంది ఆయన అక్క. కొట్టులో సగం చోటులో ఆవిడ గుండీలు అమ్ముతుంది.

"ఊరుకో అక్కా. కొట్టు పోతుంటే పరాచికాలా!"

ఇంజనీరమ్మ లోపలికి నడిచింది. వెనక గదిలోకి మూడు మెట్లు దిగాలి. అక్కడి గుమ్మం కొలిచింది. ఏడడుగులు.

"తేడా ఇరవై రెండంగుళాలు. ఎక్కడికి పోయినట్టు?"

"రోడ్డు వేసినప్పుడల్లా పాతది గీకకుండా పైనే వేసేవారమ్మా. నీళ్లు కొట్లోకొచ్చేవి. మేమూ ముందు గది నేల ఎత్తు చేసేవాళ్లం. నాన్న రెండుసార్లు, వీడొకసారి," అంది అక్క.

ఇంజనీరమ్మ బయట రెండుచోట్ల గోడ పెచ్చు గీకి చూసింది. కింద పలచటి ఇటుక. పై అంతస్తుది మందం.

"కింది ఇటుక ఇంకా పాతది. పిట్టగోడ మీద అంకె మేడ వేసిన ఏడు కావచ్చు. అప్పట్లో కింది కట్టడం ఏడు గడపరాయి మీద చెక్కేవారు. మీ గడపరాయి ఏది?"

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాన్న కప్పేశాడు," అన్నాడాయన. "దాని మీద ఏవో గీతలుండేవట. అక్క బలపంతో దిద్దేదట."

"అప్పటికి నాకు అంకెలు రావుగా!"

మర్నాడు ఇంజనీరమ్మ ఎదుటే గుమ్మంలో తవ్వించారు. ఇరవై రెండంగుళాల లోతున రాయి తగిలింది. ఒకటి. తొమ్మిది. మూడో అంకెలో మట్టి బిగిసిపోయింది. ఆయన కంటికి లెన్సు పెట్టుకుని, గోతిలో మోకాళ్ల మీద కూర్చుని, గడియారాల బ్రష్షుతో తుడిచాడు. సున్నా. పక్కన ఎనిమిది.

ఇంజనీరమ్మ ఫారంలో 1931 కొట్టేసి 1908 అని రాసింది.

ఆయన గడపరాయి మీద లేచి నిలబడ్డాడు. తలపైన ఇంకా అడుగు ఖాళీ ఉంది. అయినా లోపలికి తిరిగేటప్పుడు వంగాడు.

"ఇంకా ఎవరికిరా దండాలు?" అంది అక్క.