పుల్పిట్ గుడ్డ

"ఆదివారంలోగా ఆ కన్ను విప్పేయి" అన్నాడు పాస్టరు, భార్య వడ్డించిన కంచంలోంచి తల ఎత్తకుండా.

కన్నంటే, పుల్పిట్ మీద, అంటే ఆయన వెనక నిలబడి ప్రసంగించే బల్ల మీద, పరిచే గుడ్డకి ఆమె కుట్టిన కన్ను. త్రికోణం, దాని మధ్యలో కన్ను, చుట్టూ బంగారు రంగు కిరణాలు. త్రియేక దేవుడు మనల్ని చూస్తూనే ఉంటాడని చెప్పి అమ్మ చిన్నప్పుడు నేర్పిన పని. ఏళ్ళ తరబడి ఆ గుడ్డ మీదే బైబిలు పెట్టుకుని ఆయన ప్రసంగాలు దంచాడు, ఏ దోషమూ కనిపించలేదు. ఈమధ్య రహస్య సోదర సమాజాల మీద పడ్డాడు. మూసిన గదులు, కళ్ళకి గంతలు, ఒట్లు, నడుముకి కట్టుకునే తెల్లతోలు ఏప్రాన్లు, వాటి మీద ఒంటి కన్ను. ఆ ప్రసంగాలు ఆమెకీ నచ్చాయి. దేవుణ్ణి నమ్మినవాళ్ళకి చాటుమాటు ఒట్లెందుకని ఆమెకీ అనిపించింది. పోయిన ఆదివారం ఆయన ఉన్నట్టుండి గుడ్డ అంచు పట్టుకుని పైకెత్తాడు. "సాతాను గుర్తు ఎక్కడినించో రాలేదు. నా ఇంట్లోంచే వచ్చింది. హవ్వ నాటినించీ వాడికి తలుపు తీసేది ఆడదేగా." జనం నవ్వారు. ముందు వరసలో కూర్చునే సంఘపెద్ద, ప్రార్థనమందిరానికి తన డబ్బుతో కొత్త పైకప్పు వేయిస్తున్న కాంట్రాక్టరు, అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆ సాయంత్రం పెద్దలు తలుపేసుకుని కూర్చున్నారు. ఆమె టీ పట్టుకెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. కప్పులు అందుకుని, ఆమె బయటికి వెళ్ళేదాకా ఊరుకున్నారు. ఏం తేల్చారో ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. సండే స్కూలు ఇక ఆమె చెప్పకూడదు. వచ్చే ఆదివారం అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి.

"పిల్లల్ని నా దగ్గర్నించి తీసెయ్యకండి. ఇంకేం చెప్పినా చేస్తాను" అందామె.

"పిల్లలు లేనిదానివని జాలిపడి ఇచ్చిన క్లాసు అది. నీ హక్కనుకున్నావా? 'ఆ గుర్తు నా చేత్తోనే కుట్టాను, క్షమించండి' అను, చాలు. ఎక్కువ మాట్లాడకు, నలుగురిలో నీకు నోరు తిరగదు."

ఆమె విప్పింది. దారం జారిపోకుండా ప్రతి కిరణం చివరా మూడుసార్లు వెనక్కి కుట్టడం అమ్మ పద్ధతి. ఆ ముడుల్ని కత్తెర మొనతో ఒక్కొక్కటే తెంపుతుంటే అమ్మ వేళ్ళు విరుస్తున్నట్టే ఉంది. చివరికి తెల్లగుడ్డ మీద కన్ను ఆకారంలో చిల్లులు మిగిలాయి. ఏడుపొచ్చింది, ఏడిస్తే కూడా ఏదో ఒకటి అంటాడని మింగేసింది.

శనివారం మధ్యాహ్నం ఆయన ఒక సంచి తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. "పెద్దాయనది. నాడాలు తెగాయి, పైన కుట్టుపని కూడా ఊడొచ్చింది. కుట్టు. రేపు ప్రార్థన అయ్యాక ఇచ్చెయ్యాలి. ఎవరి దగ్గరా అనకు."

తెల్లతోలు ఏప్రాన్. దాని మీద త్రికోణం, సగం ఊడిన కన్ను.

"ఏమండీ, ఇది..."

"పైకప్పు ఎవరు వేయిస్తున్నారు, మీ అమ్మా? మగవాళ్ళ సంగతులు నీకెందుకు?"

పెద్దాయన ఆ సమాజంలో మనిషని ఆయనకి తెలుసు. మొదటి ప్రసంగం నాడే తెలుసు. ఆమెకి ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ఆ తర్వాత చేతులు చాలా నిదానంగా కదిలాయి. తోలులోకి సూది దిగకపోతే బల్ల అంచుకి ఆనించి నొక్కింది. అమ్మ ఇచ్చిన దారపు ఉండలో మిగిలిన బంగారు దారంతోనే కన్ను కుట్టింది. ప్రతి కిరణం చివరా మూడుసార్లు వెనక్కి కుట్టింది.

ఆదివారం పుల్పిట్ తుడిచి గుడ్డ పరిచేది ఆమే. ఎప్పట్లాగే అందరికన్నా ముందు వెళ్ళింది. పుల్పిట్ ముందు వైపు ఏప్రాన్ కట్టి, దాని మీద చిల్లుల గుడ్డ వేలాడేసి, ఆడవాళ్ళ వరసలో కూర్చుంది.

ప్రసంగం అయ్యాక ఆయన బైబిలు చేతిలోకి తీసుకుని ఆమెని పిలిచాడు. ఆమె ముందుకొచ్చి, పుల్పిట్ మీది గుడ్డ లాగేసి మడత పెట్టుకుంది. పుల్పిట్ వెనక నిలబడ్డ ఆయనకి ఏమీ కనపడలేదు. ముందు వరసలో పెద్దాయన చెయ్యి మాత్రం దానంతటదే నడుం మీదికి పోయింది.

"ఆ గుర్తు నా చేత్తోనే కుట్టాను" అందామె. నోరు బాగానే తిరిగింది. "నిన్న మా ఆయన తెచ్చిచ్చాడు. నాడాలు మాత్రం పెద్దాయన నడుం కొలతకే పెట్టాను."