బోర్డెక్కిన టీచర్

మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. అమ్మ బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర నిలబడి ఒక్క కేక వేసిందంటే, వెనక మెట్టు మీద వేలాడుతున్నవాడు కూడా బుద్ధిగా లోపలికి జరుగుతాడు. అన్నయ్య ఆవిడకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఇక నా సంగతంటారా, నేను ఫోన్ చేస్తే నాన్న ఫోనును చెవికి జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడతాడు. ఇలాంటిదాన్ని చిన్నపిల్లల టీచర్‌నవుతానంటే అమ్మ తెగ సంబరపడిపోయింది. నోరున్నవాడిదే రాజ్యమని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే పోయిన ఏడాది ట్రైనింగ్ పరీక్షకు వెళ్ళి బోర్లా పడ్డాను. పరీక్షంటే మరేం లేదు. నిజమైన బడిలో, నిజమైన పిల్లలకు పాఠం చెప్పాలి. మా లెక్చరర్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని చూస్తుంది. నేను అరిచినకొద్దీ పిల్లలూ అరిచారు. చివరికి ఎవరికెవరు పాఠం చెబుతున్నారో తెలియకుండా పోయింది. క్లాసు అదుపులో లేదని మేడమ్ ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇంకొక్క అవకాశం ఉంది, అదీ పోగొట్టుకుంటే ఇక టీచర్ ఉద్యోగం మాట మర్చిపొమ్మంది.

అందుకే ఈసారి మూడో తరగతికి నన్ను పంపగానే సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. కొట్టడం లేదు, బెంచీ ఎక్కించడం లేదు. గొంతు పెంచినవాళ్ళ పేరు బోర్డెక్కుతుంది, అంతే. పేరెక్కినవాళ్ళు కిటికీ దగ్గరకు వెళ్ళాలి. అక్కడ జగ్గులో నీళ్ళుంటాయి. తాగి, కాసేపు బయటికి చూసి, కోపం దిగిందనుకున్నప్పుడు వాళ్ళంతట వాళ్ళే వచ్చి తమ పేరు తుడిచేసి కూర్చోవాలి. రమ్మని ఎవరూ పిలవరు. సుద్దముక్క నా చేతిలో ఉండదు, పిల్లల్లోనే వారానికొకరి చేతిలో ఉంటుంది, పేర్లు రాసేది వాళ్ళే. మొదటిరోజు ఊపులో ఇంకో మాట కూడా అనేశాను, ఈ రూలు ఈ గదిలో ఉన్న అందరికీ అని. అన్నప్పుడు ఎంత దర్జాగా అనిపించిందో!

నాతో ట్రైనింగ్ చేస్తున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. కిటికీ దగ్గరికి పంపితే ఏ పిల్లాడైనా బెల్లు కొట్టేదాకా అక్కడే తిష్ట వేస్తాడన్నారు. వాళ్ళన్నది నిజమే అవుతుందని నాకూ లోపల బెరుకుగానే ఉండేది. ఎందుకంటే మా క్లాసులో బొంగరమనే పిల్లాడు ఉన్నాడు. పేరుకు తగ్గట్టు వాడు ఒక్కచోట నిలిచే రకం కాదు. వాడి పేరు ఎక్కని రోజు లేదు. మొదట్లో గంటకు గంట కిటికీ దగ్గరే గడిపేవాడు. రానురాను అది తగ్గింది. ఒకరోజు వెళ్ళి, రెండు గుక్కలు తాగి, పేరు తుడిచేసుకుని వచ్చి కూర్చున్నాడు. నేను నోరెళ్ళబెట్టి చూశాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు తన కోపాన్ని తనే కిటికీ దాకా తీసుకెళ్ళి దింపి వస్తున్నాడు. మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళకు చేతకాని పని అది.

పరీక్షరోజు రానే వచ్చింది. మేడమ్ చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆ వారం సుద్దముక్క పిచ్చుక చేతిలో ఉంది. ఆ పిల్లకు పిచ్చుకని ఎవరు పేరు పెట్టారోగాని కిచకిచ మాత్రం ఏనాడూ వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప పలికేది కాదు.

ఆరోజు చెప్పాల్సింది లెక్కల పాఠం, సగమంటే ఎంత, పావంటే ఎంత అని. గ్లాసుల్లో నీళ్ళు పోసి చూపిస్తున్నాను. పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు. అంతా సవ్యంగా సాగుతోంది, ఇక గట్టెక్కినట్టేననుకున్నాను. అంతలో నేను పోస్తానంటూ బొంగరం ఒక్క ఉదుటున లేచాడు. వాడి మోచెయ్యి తగిలి పళ్ళెం, గ్లాసులు, నీళ్ళు అన్నీ నేలపాలయ్యాయి. ఆ నీళ్ళు తిన్నగా మేడమ్ కాళ్ళ కిందికే పారాయి.

"నీకు బుద్ధుందా? ఒక్క క్షణం కుదురుగా ఏడవలేవా?"

అచ్చం అమ్మ బస్సులో వేసే కేక నా నోట్లోంచి వచ్చింది. పక్క క్లాసు కూడా ఠక్కున ఆగిపోయింది. బొంగరం కొయ్యబారిపోయాడు.

ఆ నిశ్శబ్దంలో సుద్దముక్క చప్పుడు వినిపించింది. పిచ్చుక బోర్డు దగ్గర మునివేళ్ళ మీద నిలబడి రాస్తోంది. అక్షరాలు వంకరపోతున్నాయి. టీచర్ అని రాసింది. రాసి, సుద్దముక్కను గుప్పిట్లో బిగించి, తల దించుకుని నిలబడింది.

క్లాసంతా నావైపే చూస్తోంది. మేడమ్ కలం ఆగింది. నవ్వేసి తుడిచేయవచ్చు. పిల్లచేష్ట అనుకుని మేడమ్ కూడా నవ్వేస్తుంది. పిల్లలకు వీపు చూపించిన టీచర్‌కు క్లాసు దక్కదన్నది ఆవిడ మాకు నేర్పిన మొట్టమొదటి పాఠం. ఇప్పుడు కిటికీ దగ్గరకు వెళ్ళానంటే నా ఉద్యోగానికి నేనే నీళ్ళొదులుకున్నట్టు. వెళ్ళకపోతే ఆ వంకర అక్షరాలకు నేనేం జవాబు చెప్పాలి?

వెళ్ళాను.

అక్కడ నిలబడటం అంత కష్టమని అన్నాళ్ళూ నాకు తెలియదు. వీపు మీద అన్ని కళ్ళూ గుచ్చుకుంటున్నట్టుంది. సిగ్గు, ఏడుపు, కోపం కలగాపులగంగా పొంగుకొచ్చాయి. పక్కన ఎవరో వచ్చినట్టనిపించి చూస్తే బొంగరం. గ్లాసులో నీళ్ళు పోసి అందించాడు.

"తాగండి టీచర్. ముందు కడుపులో మంటగా ఉంటుంది. తర్వాత తగ్గిపోతుంది."

"నీ పేరు రాయలేదుగా, నువ్వెందుకొచ్చావురా?"

"మీకిదే మొదటిసారి కదా, అందుకని."

నా చేత తిట్లు తిన్న నోటితోనే ఆ మాటన్నాడు. నీళ్ళు తాగి మెల్లగా వెనక్కి తిరిగాను. ఇద్దరు పిల్లలు గుడ్డతో నేల తుడుస్తున్నారు. బెంచీ కింద తుడవడానికి వీలుగా మేడమ్ కాళ్ళు పైకెత్తి కూర్చుంది. మిగతావాళ్ళు గ్లాసులు తిరిగి పేర్చి నీళ్ళు పోస్తున్నారు. ఇది సగమా కాదా అని గుసగుసలతోనే పోట్లాడుకుంటున్నారు. అరిచి రాజ్యమేలాలనుకున్నాను నేను. ఇక్కడ రాజు లేకుండానే రాజ్యం నడుస్తోంది.

అందరి ముందూ బొంగరానికి క్షమాపణ చెప్పుకుని, నా పేరు తుడిచి, పాఠం ముగించాను. బెల్లు కొట్టగానే పిల్లలు ఆటకు పరిగెత్తారు. మేడమ్ లేచి వచ్చి, పిచ్చుకను మాత్రం ఆపింది.

"టీచర్ పేరు రాయడానికి నీకు భయం వేయలేదా అమ్మా?"

"వేసింది. కొడతారేమో అనుకున్నా."

"మరెందుకు రాశావు?"

పిచ్చుక నావైపు ఒకసారి చూసింది. దాని గొంతు నేను సరిగ్గా వినడం అదే మొదలు.

"టీచర్ పేరు రాయకపోతే, రేపు బొంగరం పేరు ఎలా రాస్తానండీ?"

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నువ్వు పాసయ్యావని నాతో అంది. ఏడాదిగా ఆ మాట కోసమే కళ్ళు కాయలు కాసేలా చూశాను, ఎగిరి గంతేయాల్సింది. కానీ నా చూపు ఆ పిల్ల మీదనుంచి మళ్ళడం లేదు. బెంచీకంటే కాస్త ఎత్తుంటుంది, చేతినిండా సుద్ద. గుప్పెడంత ప్రాణం భయపడుతూనే బోర్డుదాకా నడిచి, నేను గొప్పకు అనేసిన మాటను నిజం చేసింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆటకు వెళ్ళనా అని అడిగింది. వెళ్ళమ్మా అన్నాను. అది గది దాటేదాకా మేడమూ నేనూ నిలబడే ఉన్నాం.